ముక్కే మీటరు

అతను పోయిన దగ్గర్నుంచి నర్సీపట్నంలో నాకు రెండు మాటలే వినిపిస్తున్నాయి. ఒకటి గాలి. రెండోది గ్యాస్. పెదబొడ్డేపల్లి టీకొట్లో కూర్చుంటే గాలి సోకి పోయాడంటారు. సెంటర్లో మందులషాపు ముందు నిలబడితే గ్యాస్ గుండెకి పట్టేసిందంటారు. మొదటివాళ్ళు కొయ్యూరు రోడ్డులో ఒక మలుపును సాక్ష్యంగా చూపిస్తారు. రెండోవాళ్ళు ఆ రోజు పొద్దున అతను తిన్న మిరపకాయ బజ్జీలను చూపిస్తారు. జీవితమంతా వేదికలెక్కి మూఢనమ్మకాల మీద జనంతో వాదించినవాణ్ణి. ఇలాంటివి వింటే నాకు కోపం రావడం మామూలు. ఈసారి కోపం కంటే ముందు భయం వేసింది. ఎందుకంటే అతను పోయినప్పుడు కూర్చున్న కారు ఇంకా ఉంది. పిండిమర వెనక రేకుల షెడ్డులో ఉంది. వచ్చే ఆదివారం పందెంలో బావ జ్ఞాపకంగా దాన్ని తానే తోలతానని అతని బావమరిది ఊరంతా చెప్పుకున్నాడు.

అతని పేరు ఇక్కడ రాయను. ఆ పేరు చెబితే చాలు, ఊరు ఇప్పుడు గాలినో గ్యాస్‌నో తలుచుకుంటోంది. నేను చెప్పదలచుకున్న మనిషి వేరు.

పిండిమర అతనిది. కనురెప్పల వెంట్రుకల మీద ఎప్పుడూ పిండి ఉండేది. బియ్యం ఆడిన రోజు తెల్లగా, పసుపు ఆడిన రోజు పచ్చగా. కారం ఆడే రోజు అతనితో మాట్లాడాలంటే నేను రోడ్డవతల నిలబడేవాణ్ణి. అతను మాత్రం తుమ్మేవాడు కాదు. లుంగీ బిగించి, మర మీద అరచెయ్యి ఆనించి, తల ఒక పక్కకి వాల్చి కళ్ళు మూసుకునేవాడు. కుడిచేతి చూపుడువేలు నెమ్మదిగా పైకి లేచేది. ఆ వేలు లేచిందంటే ఎవరూ మాట్లాడకూడదు. రాళ్ళు ఒరుసుకుంటున్నాయో, బెల్టు జారుతోందో వింటున్నాడన్నమాట. చోళ్ళ మూట నెత్తిన పెట్టుకుని వచ్చిన ముసలమ్మ అయినా, స్కూటరు దిగని గుమస్తా అయినా ఆ వేలు దిగేదాకా ఆగాల్సిందే.

అలా విని అతను తేల్చిన వాటిలో సగం తప్పులే. ఒకసారి బేరింగు పోయిందని మర మొత్తం విప్పాడు. లోపల ఒక మేకు దొరికింది. సిగ్గుపడతాడేమో అని చూశాను.

"మేకు బేరింగులాగ అరిసిందండీ. తప్పు దానిదే" అన్నాడు.

మా పరిచయం కొయ్యూరు సంతలో. అరచేతిలో విభూతి పుట్టించడం, నీళ్ళతో దీపం వెలిగించడం, నాలుక మీద కర్పూరం కాల్చుకోవడం, బాబాలు చేసే పనులన్నీ నేనే చేసి చూపించి, కిటుకు విప్పి చెబుతున్నాను. సంత జనం చుట్టూ మూగారు. నేను మంచి ఊపులో ఉన్నాను. దేవుడి దగ్గరికి వచ్చేసరికి జనం వెనక నుంచి ఒక వేలు లేచింది. ప్రశ్న అనుకుని ఆగాను.

"మీ మైకు బొయ్యిమంతందండీ. ఎర్తు సరిగ్గా నేదు. ముందది సూడండి, దేవుడి సంగతి తర్వాత సూద్దారి."

జనం గొల్లున నవ్వారు. పసుపు కొనడానికి వచ్చిన మనిషి బస్తా కింద పెట్టి, నా అనుమతి అడక్కుండా ముందుకొచ్చి, వైరు పీకి మళ్ళీ గుచ్చి, కళ్ళు మూసుకుని విన్నాడు. వేలు దించాడు.

"ఊఁ. ఇప్పుడు సెప్పండి దేవుడు నేడని. బాగా ఇనిపిస్తాది."

ఆ రోజు నుంచి నేను అతనికి ఉపన్యాసం గారిని. రోడ్డు మీద ఎదురైనా, ఫోను చేసినా అదే పిలుపు. "ఉపన్యాసం గారూ, ఏటి, ఈ వారం ఎవుడి నోరు మూయించినారు?" అనేవాడు.

అతన్ని నా వైపు తిప్పుకోవాలని చాలా కష్టపడ్డాను. తిరగలేదు. అవతలి వైపు ఉన్నాడా అంటే అక్కడా లేడు. ఆచారాలన్నిటినీ మెకానిక్కు పనిముట్లలా వాడుకునేవాడు. కొత్త బండి టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేవాళ్ళని నేను తిడుతుంటే అతను అడ్డొచ్చేవాడు. "అలా కొట్టిపడీకండి. నిమ్మకాయ మీద నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగితే క్లచ్చు బాగున్నట్టు. కాయ ఎగిరిపడితే క్లచ్చు పోయినట్టు. దిష్టి పోయిందో నేదో నాకు తెలీదు గానీ క్లచ్చు సంగతి తెలిసిపోతాది."

అతని పిచ్చి మాత్రం కారు. పాత చిన్న కారొకటి, ఎవరో తుక్కుకి వేస్తుంటే అడ్డుపడి తెచ్చుకున్నాడు. విశాఖ వైపు బీడు భూముల్లో, మట్టి మీద వంకర్లు గీసి ఔత్సాహికులు పందేలు పెట్టుకుంటారు. బీమా ఏజెంట్లు, రొయ్యల వ్యాపారులు, కాలేజీ పిల్లలు, ఎవరి బండితో వాళ్ళొస్తారు. గెలిస్తే ఒక కప్పు, ఓడితే ఒంటి నిండా ఎర్రదుమ్ము. ఒకసారి మూడో స్థానం వచ్చిందని మరకి వచ్చినవాళ్ళందరికీ బెల్లం ముక్క పెట్టాడు. ఎన్ని కార్లు దిగాయని అడిగాను.

"నాలుగండీ."

"మరి నాలుగో వాడు?"

"ఆడి బండి స్టార్టవనేదు. అయితే ఏటి? మూడు మూడే కదా."

బరువు తగ్గాలని ఆ కారుని ఒలిచేశాడు. వెనక సీటు తీశాడు, కింద పరిచే మ్యాట్లు తీశాడు, తలుపుల లోపలి అట్టలు తీశాడు. చివరికి గేరు కర్ర మొదట్లో ఉండే రబ్బరు తొడుగు కూడా పీకేశాడు. అక్కడ ఇప్పుడొక కన్నం. వంగి చూస్తే నేల కనిపించేది. ఆ తొడుగు ఎంత బరువుంటుందయ్యా అంటే, చెంబుడు నీళ్ళంత అన్నాడు. నీ పొట్ట తగ్గిస్తే బిందెడు తగ్గుతుంది కదా అన్నాను. "పొట్ట బండిది కాదండీ, డ్రైవర్ది. ఆ లెక్క వేరు" అన్నాడు. అతని భార్య మర గుమ్మంలో నిలబడి నవ్వింది. ఆవిడ నవ్వు అతనికి కావాలి. ఆవిడ లేనప్పుడు అతను జోకులు వేయగా నేను వినలేదు.

తర్వాత సైలెన్సరు. కంపెనీ బిగించిన సైలెన్సరు బండి గొంతు నొక్కేస్తోందని అతని ఫిర్యాదు. పందెం బండ్లకి వేసే అసలు సరుకు కొనే స్తోమతు లేదు. ఆన్‌లైనులో చవకరకం ఒకటి తెప్పించాడు. తళతళలాడే గొట్టం, కూజా అంత డబ్బా. అది వచ్చిన రోజు కబురు చేస్తే వెళ్ళాను. కిరసనాయిలు గుడ్డతో దాన్ని పెళ్ళికొడుకు కాళ్ళు కడిగినంత శ్రద్ధగా తుడుస్తున్నాడు. పాతది విప్పి కొత్తది పట్టి చూస్తే జానెడు పొడుగెక్కువ. బోల్టు కన్నాలు ఒక్కటీ కలవలేదు.

"ఇది నీ బండికి చేసింది కాదేమో" అన్నాను.

"సేసిందేటండీ, మనం సేసుకుంటే మనదే" అన్నాడు.

యలమంచిలి రోడ్డులో గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డరు వచ్చాడు. గొట్టం కోసి, వంచి, మళ్ళీ అతికించాడు. వేలాడదీయడానికి మరబెల్టు ముక్కలు. రెండు గొట్టాలు కలిసే చోట సందు మిగిలితే, ఎర్రపేస్టు పూసి, టీపొడి డబ్బా రేకు చుట్టి, పైన క్లాంపులు బిగించారు. ఆ అతుకు సరిగ్గా గేరు కర్ర కన్నం కిందికి వచ్చింది. అప్పుడు దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. చేతికి అందే చోటు అది, అంతే.

స్టార్టు చేశాడు. వీధి వీధంతా బయటికొచ్చింది. అతను డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దాలెత్తి, తల వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. వేలు లేచింది. చాలాసేపు దించలేదు. దిగి వచ్చి నన్ను అడిగాడు.

"ఏటి ఇనిపించింది?"

"చప్పుడు."

నా వంక జాలిగా చూశాడు. "దేవుడు అందరికీ సెవులిచ్చాడు. ఆడు నేడనీసరికి మీకు ఇవ్వడం మానీసినట్టున్నాడు."

చప్పుడు ఆపడానికి పెట్టిన పరికరానికి మన వాళ్ళు సైలెన్సరు అని పేరు పెట్టారు, దాన్ని చప్పుడు పెంచడానికి బిగించుకుని కూడా సైలెన్సరే అంటున్నారు అని నేను ఎత్తిపొడిచాను. ఆ మాట అతనికి తెగ నచ్చింది. తర్వాత వారం రోజులు అందరికీ తన మాటగా చెప్పాడు.

ఆ వేసవిలోనే గాలి మొదలైంది.

మన భాషలో ఈ మాట మీద నాకు పాత పగ ఉంది. చల్లగాలీ గాలే, దెయ్యమూ గాలే. జ్వరమొస్తే గాలి, మూర్ఛొస్తే గాలి, కొత్తకోడలు మాట్లాడకపోతే గాలి. పీల్చకపోతే చచ్చేదానికీ, పీలిస్తే చస్తారనుకునేదానికీ ఒకే పేరు. ఇలాంటి మాట చేతిలో ఉన్న జనానికి ఆలోచించే పని ఉండదు. ఏ రోగాన్నైనా అందులో వేసి మూత పెట్టేయొచ్చు. మూత పెట్టాక లోపల ఏముందో చూడమని అడిగేవాడు శత్రువు. నేను అలాంటి శత్రువుని.

కొయ్యూరు రోడ్డు మీద సాయంత్రాలు అతను తోలడం ప్రాక్టీసు చేసేవాడు. పక్కన భార్య. మలుపులు ముందుగా చెప్పడం ఆవిడ పని. ఒక మలుపు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఇద్దరికీ తల పగిలిపోయేది. ఒకరోజు అతను బండి ఆపి వాంతి చేసుకున్నాడు. ఇంకోరోజు ఆవిడకి కళ్ళు తిరిగి కాళ్ళు తేలిపోయాయి. ఆ మలుపులో ఎప్పుడో ఎవరో లారీ కింద పడ్డారట. ఇంకేం కావాలి ఊరికి. ఇంటి నుంచి ఆ మలుపు చేరడానికి పట్టే సేపు ఎంత, ఆ సేపు మూసిన కారులో ఏం పీలుస్తున్నారు అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు; మలుపులో ఏమీ లేదు, పగటి ఎండదెబ్బ కావచ్చు, డాక్టరుకి చూపించుకోండి అన్నాను.

ఆవిడ భయపడిపోయింది. ఆయన్ని ఆ గాలి తీసుకుపోతుందని నిద్ర మానేసింది. నక్కపల్లి వైపు నుంచి ఒక భూతవైద్యుణ్ణి పిలిపించింది. కబురు తెలిసి నేను మండిపడుతూ వెళ్ళాను. కాషాయం, జడలు ఉంటాయనుకున్నాను. ఇస్త్రీ చొక్కా, రెండు ఫోన్లు. దక్షిణకి స్కాన్ చేసుకునే అట్టముక్క కూడా తెచ్చుకున్నాడు. షెడ్డులో కారు చుట్టూ ముగ్గు. ఆవిడ చేతిలో సాంబ్రాణి ధూపం.

"బండిని అమ్మీయాలమ్మా" అంటున్నాడు వైద్యుడు. "నేదా, ఆ గాలి రాత్రి పగలూ దీని మీదే కూకుంటాది."

నేను నోరు విప్పాను. నా ఉపన్యాసం మధ్యలో వేలు లేచింది.

"ఉపన్యాసం గారూ, బేగి ఆపండి. ఒక్క నిమిషం."

అతను మూలనున్న బ్లోయరు తీశాడు. మర మోటార్లలో పిండి దులపడానికి వాడేది. భార్య చేతిలోంచి ధూపం పాత్ర అందుకుని, కారు వెనక కూర్చుని, ఆ పొగని బ్లోయరుతో సైలెన్సరు గొట్టంలోకి తోలాడు. చుట్టూ గుడ్డ కుక్కాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత కారు లోపల, గేరు కర్ర మొదట్లో కన్నంలోంచి, సన్నగా, తీరిగ్గా తెల్లటి పొగ లేచింది. తోలినకొద్దీ చిక్కబడింది. డ్రైవరు సీటు మీదికి వాలింది.

"అదిగో!" అని అరిచాడు. "అదిగో గాలి! అతుకు ఊడింది. పొగంతా మా మొకాల మీదికే వస్తంది!"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఎన్ని ఊళ్ళలో ఎన్ని సభలు పెట్టినా ఇంత చక్కటి ప్రదర్శన నేను చేయలేదు. భార్య వంక చూశాను. ఆవిడ రెండు చేతులూ జోడించి కళ్ళనీళ్ళతో నిలబడి ఉంది.

"బయటికొచ్చీసింది" అంది.

"మరి నేనేటి సెప్పినాను?" అన్నాడు భూతవైద్యుడు. "సాంబ్రాణికి ఆగదు. సూసినారు కదా, ఎలాగ ఎల్లిపోతందో!"

నేను ఇంతెత్తున లేచాను. అది గాలి కాదు, గొట్టం కన్నం, మీ కళ్ళ ముందే రుజువు చేశాడు కదా అని గొంతు చించుకున్నాను. అతను బ్లోయరు పక్కన పెట్టి పడీ పడీ నవ్వాడు.

"ఎందుకండీ గొడవ? ముగ్గురం ఒకే పొగని సూసినాం. ఎవుడికి కావల్సింది ఆడికి కనిపించింది. నాకు కావల్సింది కారు. అమ్మొద్దంటే సాలు."

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. నిజం నీకు దొరికింది, ఇంట్లో పంచవేం? పంచకపోతే అది ఎవరికీ అక్కరకు రాదు. ఇదే అతనితో ఆ తర్వాత నెలల తరబడి వాదించాను. "మీరు సెప్పండి, మీకు అలవాటే కదా" అనేవాడు. చెప్పాను కూడా. పొగలో చంపే భాగానికి రంగు లేదు, వాసన లేదు, దానితో పాటు వచ్చే కాలిన పెట్రోలు కంపే మనకున్న ఒకే ఒక హెచ్చరిక అని ఆవిడకి విడమర్చి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. "మీరు సెప్పింది నిజమే అన్నయ్య గారూ" అంది. "ధూపమూ నిజమే. రెండూ ఉంటే మంచిదే కదండీ."

అతుకు మళ్ళీ వెల్డింగు చేయించాడు. తలనొప్పులు పోయాయి. అప్పటినుంచి అతనికి ఇంకో అలవాటు పట్టుకుంది. కారు స్టార్టు చేశాక తలుపు తెరిచి, సగం ఒళ్ళు లోపలికి దూర్చి, గేరు కర్ర దగ్గర మొహం పెట్టి, కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చేవాడు. కుక్క పొద వాసన చూసినట్టు. బండి లోపల పొగ కొలిచే మీటరు ఏదైనా కొనుక్కోవయ్యా అంటే ముక్కు మీద వేలితో కొట్టి చూపించేవాడు. "ఇదే నా మీటరు. బేటరీ అక్కర్నేదు."

ఆవిడకీ ఒక అలవాటు పట్టుకుంది. కారు తీసే ప్రతిసారీ ముందుగా ధూపం తెచ్చి లోపలంతా పట్టేది. సీటు కింద, గేరు కర్ర చుట్టూ, డాష్‌బోర్డు సందుల్లో. పొగ నిలవాలని కాసేపు తలుపులు మూసి ఉంచేది. నేను గొణిగితే అతను తేలిగ్గా తీసేశాడు. "పొగే కదండీ. మంచి వాసన. పందెంలో అందరి బండ్లూ పెట్రోలు కంపు, నాది గుడి." ఆవిడ నవ్వింది. అతనికి అది చాలు.

ఇక్కడ ఆగి చదువరిని ఒకటి అడుగుతాను. పెట్రోలు కంపు పసిగట్టే ముక్కు ఒక్కటే కాపలా ఉన్న ఇంట్లో, రోజూ ఆ ముక్కులో సాంబ్రాణి నింపుతుంటే ఏమవుతుంది?

ఈ వానాకాలం, ఒక మధ్యాహ్నం ఏమైందో నాకు అతని బావమరిది చెప్పాడు. జోరున వాన. జల్లు పడుతోందని షెడ్డు తలుపు సగానికి దించారు. ఆవిడ ధూపం పట్టి మరలోకి వెళ్ళింది. అతను కారులో కూర్చుని, అద్దాలెత్తి, స్టార్టు చేశాడు. పందానికి ముందు సైలెన్సరు గొంతు వినడం అతని పద్ధతి. మధ్యలో ఆవిడ ఏదో అడగడానికి వచ్చింది. అద్దంలోంచి చూసింది. తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. వింటున్నాడనుకుంది. అలాంటప్పుడు పలకరిస్తే విసుక్కుంటాడని చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయింది. మరలో ఎవరో పసుపు ఆడించుకోవడానికి వచ్చి ఉన్నారు.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు వరండాలో హడావిడిగా ఒక్కమాట చెప్పి వెళ్ళాడట. గ్యాస్ వల్ల పోయాడమ్మా అని. ఆ మాట పట్టుకుని బావమరిది వీధిలోకి వచ్చేసరికి అది కడుపులో గ్యాస్ అయింది, బజ్జీలయింది, గుండెకి పట్టడం అయింది. నర్సీపట్నంలో గ్యాస్ అంటే ఇంకో అర్థం ఎవరికి తోస్తుంది? ప్రతి ఇంట్లో అల్మారాలో దానికి మందు సీసా ఉంటుంది. కాదన్నవాళ్ళు గాలి వైపు వెళ్ళారు. మనిషి చచ్చిపోయినా ఇంజిను ఎలా తిరుగుతూ ఉందో చూశారా అన్నారు. తాళం తిప్పితే ఎవరు చచ్చినా పెట్రోలు అయిపోయేదాకా తిరుగుతుంది. నేను ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగాను. గ్యాస్ అంటే బండి పొగ అనే అన్నానండీ, వాళ్ళకి అర్థమైందనుకున్నాను అన్నాడు.

అంటే అతని చావుకి కారణం ఊరందరి నోటిలోనూ ఉంది. రెండు పేర్లతో ఉంది. ఒక్కరికీ తెలియదు.

దినాలయ్యాక నిన్న పొద్దున వెళ్ళాను. వెళ్ళి ఏం చెప్పాలో నాకు తెలుసు. కారు అతుకు మళ్ళీ ఊడిందని చెప్పాలి. అక్కడితో ఆగితే చాలు, బావమరిది బతుకుతాడు. ముక్కు సంగతి ఎత్తకూడదనుకుంటూ వెళ్ళాను. నిజాన్ని సగంలో ఆపాలనుకుని నేను ఇల్లు కదలడం అదే మొదలు.

బావమరిది కారుకి కొత్త స్టిక్కరు అతికిస్తున్నాడు. బానెట్టు మీద అతని ఫొటో. కళ్ళు తెరిచి ఉన్న ఫొటో. నాకది అతనిలా అనిపించలేదు.

"ఏమయ్యా, దీన్ని తోలొద్దు. అతుకు ఊడి ఉంటుంది. మీ బావ పోయింది ఆ పొగకే. డాక్టరు చెప్పాడు."

"డాట్రు గ్యాస్ అన్నాడు కదండీ."

"ఇదే ఆ గ్యాస్."

వాడికి ఎక్కలేదు. "ఊరుకోండి ఉపన్యాసం గారూ. అతుకు బావే దగ్గరుండి వేయించినాడు. గట్టిగా ఉంది."

చూపిస్తాను పద అన్నాను. బ్లోయరు ఎక్కడుందో నాకు తెలుసు. ఒక గోనెముక్క తడిపి రాజెయ్యమన్నాను. సాంబ్రాణి మాట నేను అనలేదు. అంతలో ఆవిడ మరలోంచి వచ్చింది. మనిషి సగమైంది. రెప్పల మీద పిండి. ఇప్పుడు మర ఆవిడే ఆడిస్తోంది. గోనెముక్క చూసి, లోపలికి వెళ్ళి, ధూపం పాత్రతో వచ్చింది.

"గోనె ఎందుకండీ? ఆయన దీంతోనే కదా సూపించారు."

వద్దని ఎలా అనను? ఏ కారణం చెప్పను? పాత్ర అందుకున్నాను. కారు వెనక కూర్చున్నాను. గుడ్డ కుక్కి పొగ తోలాను. నా చేతులకి ఆ పని రాదు, సగం పొగ నా కళ్ళలోకే వచ్చింది. బావమరిది తలుపు తీసి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"వస్తంది" అన్నాడు కాసేపటికి. "అక్కా, గేరు కాడ వస్తంది."

ఆవిడ వచ్చి చూసింది. పొగ లేచి డ్రైవరు సీటు మీదికి వాలుతోంది. ఈసారి చేతులు జోడించలేదు.

"అప్పుడు బయటికొచ్చీసింది కదా అన్నయ్య గారూ. మళ్ళీ ఎలాగొచ్చింది?"

"గాలి కాదమ్మా. అతుకు. అదురుకి మళ్ళీ విడింది. వీణ్ణి తోలనివ్వకు. గొట్టం తీసేసి పాతది వేయించండి. ఇంతే నేను చెప్పడానికి వచ్చింది." లేచి నిలబడ్డాను. బయటపడిపోదామనుకున్నాను.

బావమరిది ఇంకా లోపలికే చూస్తున్నాడు. "మరి బావకి వాసన తెలీదేటండీ? రోజూ గేరు కాడ ముక్కెట్టి సూసేవోడు కదా. ముక్కే మీటరు అనీవోడు. ఆ రోజు ఎందుకు తెలవనేదు?"

ఏ సభలో ఎవరు ఏ ప్రశ్న వేసినా నేను తడుముకోలేదు. దీనికీ జవాబు నా దగ్గర ఉంది. ఒక్క మాటలో చెప్పొచ్చు. పాత్రని కాస్త పక్కకి తిప్పి పట్టుకున్నాను.

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత నా చేతిలోని ధూపం పాత్ర చూసింది. తమ్ముణ్ణి పక్కకి జరగమంది. సగం ఒళ్ళు కారులోకి దూర్చి, గేరు కర్ర దగ్గర మొహం పెట్టి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. అచ్చం అతనిలాగే.

"ఇంజను ఎయ్యిరా" అంది లోపల్నుంచే.

వాడు నా వంక చూశాడు. షెడ్డు తలుపులు రెండూ బార్లా తీయించి, ఒక్క క్షణమేనని తల ఊపాను. కారు గర్జించింది. ఆవిడ అలాగే ఉంది. మళ్ళీ పీల్చింది. నేనే పరిగెత్తి తాళం ఆపాను.

ఆవిడ నెమ్మదిగా వెనక్కి వచ్చింది. కళ్ళు తెరవలేదు.

"సాంబ్రాణి వాసనే వస్తంది అన్నయ్య గారూ" అంది. "ఇంకేటీ తెలవట్నేదు."